‘ఇంట’ అంటే ‘ఇంటూ’ కాదు

మా బంధువుల్లో ఎవరికైనా కొత్త వస్తువు మీదో కొత్త మందు మీదో సందేహం కలిగితే దాన్ని నా దగ్గరికి తీసుకువస్తారు. నల్లగొండలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం నాది. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పూర్తిగా తీసేస్తాయన్న యంత్రాలను, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి బోరుకు జాగా చూపించేవాళ్లను పరీక్షించి చూసిన మనిషిగా మావాళ్లలో నాకు కొంత పేరుంది. ఆ పేరులో గౌరవం ఎంతో విసుగూ అంతే. పెళ్లిళ్లలో నేను కనపడగానే, "జర చూసుకోని మాట్లాడుండ్రి, రుజువు అడుగుతది" అని నవ్వుకోవడం నాకు వినపడుతూనే ఉంటుంది.

ఒక ఆదివారం మా చెల్లెలు చౌటుప్పల్ నుంచి బస్సులో వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండానే అసలు సంగతి చెప్పింది.

"అక్కా, జూన్ల బడి తెరిచినంక ఒక మిషన్ చూపిస్తరట. పిల్ల నోటితోని లెక్క చెప్తే అదే రాసుకుంటదట. నిజమో అబద్ధమో నువ్వొచ్చి చూడాలె."

"అమ్ముకునేటోళ్లు అన్నీ అయితయనే చెప్తరు."

"గందుకే గద నిన్ను రమ్మనేది. నిజమని చెప్పెటోళ్లయితే మా దగ్గర్నే మస్తుమంది ఉన్నరు."

చెల్లెలి కూతురు అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉంది. ఇంటర్‌లో లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు ఉండే ఎంపీసీ గ్రూపు తీసుకోవాలని ఆ పిల్ల కోరిక. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే తండ్రి ఆ కోరికను కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. పదో తరగతి పరీక్షల్లో లెక్కల మార్కులు చూసిన తర్వాతే మాట్లాడతానని, మార్కులు రాకపోతే లెక్కలు లేని సీఈసీ గ్రూపులో చేర్పిస్తానని, ఆపైన ఏడ్చినా మాట మారదని చెప్పేశాడు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాకపోతే పరీక్ష అంటే కాగితం మీద రాయడం, ఆ పిల్లకు రానిది సరిగ్గా అదే.

చేతిరాత బాగుండదని చెబితే చాలదు. భిన్నం రాస్తే గీత కింద ఉండవలసిన అంకె తరువాతి వరుసలోకి జారి పక్క లెక్కలో కలిసిపోయేది. పదుల స్థానంలో ఉండాల్సిన అంకె వందల కిందికి చేరేది. సమానం గుర్తు వరుస వరుసకూ కుడివైపు దిగజారుతూ పేజీ చివరికి వచ్చేసరికి మార్జిన్‌కు తగులుకునేది. సగం పేజీ రాయగానే పెన్ను వదిలేసి బొటనవేలును ఒళ్లో పెట్టుకుని నొక్కుకునేది. రాసింది తనే మళ్లీ చదువుకోలేక, సరిగ్గా చేసిన లెక్కను కొట్టేసి తప్పుగా చేయడం నేను కళ్లారా చూశాను.

బడిలో లెక్కల సారు దీన్ని బద్ధకం అన్నాడు. పట్నంలో మా చెల్లెలు చూపించిన మానసిక నిపుణురాలు డిస్‌గ్రాఫియా అంది, అంటే రాతకు సంబంధించిన అభ్యసన వైకల్యం. నేను రెండు మాటలనూ నమ్మలేదు. బద్ధకం అనేది తీర్పే కాని పరిశీలన కాదు. డిస్‌గ్రాఫియా అన్నది ఒక పేరు, పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. అసలు ఈ పిల్లకు లెక్కలు వచ్చునా, రాకపోవడాన్ని రాత మీదికి నెడుతున్నారా అన్న అనుమానం నాకు గట్టిగానే ఉండేది.

ఆ వేసవిలో పిల్లను నా దగ్గర ఉంచుకున్నాను. ముందు కళ్ల డాక్టరుకు చూపించాను, చూపులో లోపం లేదు. తరువాత ఒకే స్థాయి లెక్కలను రెండు భాగాలు చేసి, కొన్ని నోటితో, కొన్ని రాతతో చేయించాను. అలసట వల్ల ఒకవైపు మొగ్గు రాకుండా ఒక రోజు నోటివి ముందు, మరో రోజు రాతవి ముందు ఇచ్చాను. నోటితో చెప్పేటప్పుడు నా ముఖంలోని మార్పును బట్టి జవాబు సవరించుకునే వీలుంది కనుక ఆమె వైపు వీపు పెట్టి గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని.

"పెద్దమ్మా, గోడకు ట్యూషన్ చెప్తున్నట్టుంది" అంది మొదటిరోజు.

"గోడకు తెల్వది గద తప్పో ఒప్పో. గందుకే దానికి చెప్పు."

"గోడనే నయం. సారు లెక్క మొత్తుకోదు."

నోటిలెక్కలు దాదాపు అన్నీ సరిగ్గా వచ్చేవి. అవే రాతలో చెదిరిపోయేవి. అయినా నాకు చాలలేదు. చివరికి, అప్పటికే పూర్తిగా చేసి ఉన్న ఒక లెక్కను ముందు పెట్టి, ఆలోచించే పనేమీ లేకుండా ఉన్నది ఉన్నట్టుగా దించమన్నాను. అదీ అలాగే చెదిరింది. లెక్క రాకపోవడమే కారణమైతే దించిరాయడంలో ఆ తప్పులు ఎందుకు రావాలి? అక్కడితో నా మొదటి అనుమానాన్ని వదులుకున్నాను. కారణం ఏమిటో నాకు అప్పటికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఇబ్బంది మాత్రం నిజం.

జూన్‌లో బడి తెరిచిన కొద్ది రోజులకే కంపెనీ ప్రతినిధి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు, చేతిలో పలకలాంటి ట్యాబ్. తల్లిదండ్రులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ట్యాబ్‌తో "త్రీ బై ఫోర్ ప్లస్ వన్ బై టూ" అన్నాడు. తెర మీద భిన్నాలు ముత్యాల్లా పడ్డాయి. వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"తెలుగులో చెప్పినా అర్థం చేసుకుంటుందండీ. రాయలేని పిల్లలు కూడా నెల రోజుల్లో క్లాసు ఫస్ట్ వస్తున్నారు."

నేను లేచాను. ఎంతమంది పిల్లల మీద చూశారు, ఏ ఊరి పిల్లలు, మధ్యలో మానేసిన వాళ్లను లెక్కలోకి తీసుకున్నారా, యంత్రం వాడని పిల్లలతో పోల్చి చూశారా అని అడిగాను.

అతను నవ్వుతూనే, "మేడమ్ సైన్స్ లెక్చరరా అండీ?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. మా చెల్లెలు నా చీర కొంగు పట్టి లాగింది.

మా పిల్లతో మాట్లాడించి చూపించమన్నాను. అంతమంది ఎదుట ఆమె సిగ్గుపడి, పాఠ్యపుస్తకంలోని ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివింది. యంత్రం తప్పు లేకుండా రాసింది. బడివాళ్లు ఒక ట్యాబ్‌ను పరీక్షగా వాడి చూడమని మావాళ్లకు ఇచ్చారు. చూపించినప్పుడు పనిచేసిన వస్తువు ఇంట్లో పనిచేస్తుందన్న నమ్మకం లేదని చెల్లెలితో అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పడానికి అప్పటికి నా దగ్గర ఆధారం లేదు.

మొదటి యూనిట్ పరీక్షలో సారు ఆ పిల్లను ట్యాబ్‌తో చేయనిచ్చాడు. మర్నాడే మా చెల్లెలిని బడికి పిలిపించాడు. ఫోన్‌లో ఆమె గొంతు విని నేనూ వెళ్లాను. సారు ట్యాబ్‌ను నా వైపు తిప్పి చూపించాడు.

"చూడుండ్రి మేడం. స్టెప్పులన్నీ తప్పు, జవాబు మాత్రం కరెక్టు. గిదెట్లయితది? పక్కదాని కాగితంల చూసి చెప్పింది. ఇన్ని రోజులు బద్ధకం అనుకున్న. గిప్పుడు కాపీ గూడ మొదలైంది."

లెక్క ఇది: అయిదు వందల లీటర్ల ట్యాంకులో 3/5 వంతు నీళ్లు ఉన్నాయి, వాటిలో మూడో వంతు వాడితే ఎన్ని లీటర్లు మిగులుతాయి? తెర మీద 5 × 3 అని, దాని కింద 3 × 2 అని, ఆ కింద 5 × 2 అని ఉంది. చివరన రెండు వందల లీటర్లు అని ఉంది. జవాబు సరైనదే. పైనున్న వరుసలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. సారు స్థానంలో నేను ఉన్నా అదే అనుకునేదాన్ని.

మా చెల్లెలు దారంతా మాట్లాడింది. "చూసినవా లేదా చెప్పు. చూస్తే చూసిన్నని చెప్పు, ఏమనను." ఇంటికి చేరే దాకా ఇదే మాట. పిల్ల వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం లేపి కూర్చోబెట్టి, అదే లెక్కను ట్యాబ్‌కు మళ్లీ చెప్పమన్నాను. ఈసారి నేను తెర చూడలేదు, ఆమె నోటినే గమనించాను.

"ఐదింట మూడు. దాంట్ల మూడింట రెండు మిగుల్తది. అంటే ఐదింట రెండు. ఐదు వందలల్ల ఐదింట రెండంటే రెండు వందలు."

ఒక్క తప్పు లేదు. తెర మీద మళ్లీ అదే, 5 × 3, 3 × 2, 5 × 2.

అప్పుడు అర్థమైంది. ఐదింట మూడు అంటే అయిదు భాగాల్లో మూడు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో భిన్నాన్ని చదివే పద్ధతి అదే. యంత్రానికి ఆ ‘ఇంట’ తెలియదు. మన బడుల్లో హెచ్చవేతకు అందరూ వాడే ‘ఇంటూ’ మాత్రమే తెలుసు. ఐదింట మూడును అది ఐదు ఇంటూ మూడు అని విని గుణకారం గుర్తు వేసింది. భిన్నం చెప్పిన ప్రతిచోటా ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన సరైన మాట తెర మీద తప్పు లెక్క అయింది.

నాకు తెలిసిన చదువుకున్న వాళ్లెవరూ, నాతో సహా, ఇవాళ ఐదింట మూడు అనరు. త్రీ బై ఫైవ్ అంటారు. ఈ పిల్ల ఎందుకంటోందని అడిగితే, చిన్న తరగతులు ఊళ్లోని సర్కారు బడిలో చదివినప్పుడు టీచరమ్మ అలాగే నేర్పిందని చెప్పింది. అయిదో తరగతి తరువాతే వాళ్లు చౌటుప్పల్‌కు కిరాయి ఇంట్లోకి వచ్చి ఇంగ్లీషు మీడియంలో చేరారు.

"త్రీ బై ఫైవ్ అంటే అర్థం కాదా నీకు?"

"అయితది పెద్దమ్మా. గని ఉల్టా ఉంటది. ముందు ఎన్ని ముక్కలు చేసిన్రో తెల్వాలె గద. తర్వాతనే గద తీసుకునేది. త్రీ అంటే దేంట్ల త్రీ?"

నేను అయిదింట మూడులు నేర్చుకున్న రోజులు నాకే గుర్తు లేవు.

సారుకు వెళ్లి చూపించాను. అతనే ట్యాబ్ పట్టుకుని ‘రెండింట ఒకటి’ అని చెప్పి చూశాడు. 2 × 1 అని పడింది. "సరే, కాపీ అన్న మాట వాపసు తీసుకుంటున్న" అన్నాడు, పిల్లతో కాదు, నాతో. కంపెనీకి రాస్తే, అలా మాట్లాడే వాడుకరులు తక్కువని, తరువాతి మార్పుల్లో పరిశీలిస్తామని మర్యాదగా సమాధానం వచ్చింది.

బై అని చెప్పడం అలవాటు చేయాలని చూశాను. దానివల్ల కొత్త చిక్కు వచ్చింది. తలలో అయిదు ముందు వస్తుంది, నోట మూడు ముందు రావాలి. నింపాదిగా ఉంటే సరిగ్గా తిప్పుకునేది. తొందరలో ఐదింట మూడు కాస్తా ఫైవ్ బై త్రీ అయ్యేది. దాదాపు ఎప్పుడూ తప్పని నోటిలెక్క తరచుగా తప్పడం మొదలైంది. చేతితో ఉన్న ఇబ్బంది చాలదన్నట్టు నేను నోటికీ ఒక ఇబ్బంది నేర్పుతున్నానేమో అనిపించి, గొంతుతో రాయించే భాగాన్ని అక్కడితో ఆపేశాను.

అదే ట్యాబ్‌లో ఎవరూ పొగడని సౌకర్యం ఇంకొకటి ఉంది. వేలితో నొక్కితే ఒక గీత, దాని పైన ఒక ఖాళీ గడి, కింద ఒక ఖాళీ గడి వస్తాయి. ఏ గడిని ముందు నింపాలన్న నియమం లేదు. ఆ పిల్ల ముందు కింది గడి నొక్కి అయిదు వేసి, తరువాత పై గడిలో మూడు వేసింది. వేసిన అంకె వేసిన చోటే ఉంది, జారలేదు. నిలువు కూడికలకూ అలాంటి గళ్లే ఉన్నాయి. వారం తిరిగేసరికి అడగకుండానే ట్యాబ్ తీసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

గళ్లతో చేసిన లెక్కలనూ కాగితం మీద చేసినవాటినీ పాత పద్ధతిలోనే పోల్చాను. గళ్లలో తప్పులు బాగా తగ్గాయి. ఇందులో గళ్ల పాలు ఎంత, పక్కన ఒక పెద్దమనిషి ఓపికగా కూర్చోవడం పాలు ఎంత అన్నది వేరుచేయలేకపోయాను. ఒక్క పిల్ల మీద చూసినదాన్ని పదిమందికి వర్తించేలా చెప్పడం కుదరదు. మా చెల్లెలు మాత్రం, "పని అయితాంది గద అక్కా, ఇంక దేనికి నీ అనుమానం?" అంది.

పదో తరగతి పరీక్షలకు అనుమతి కోసం ధ్రువపత్రం కావాలన్నారు. దవాఖానలో వరుసలు, మళ్లీ రమ్మనడాలు, సంతకం పెట్టవలసిన డాక్టరు సెలవులో ఉండటం, ఇవన్నీ మా చెల్లెలు ఒక్కతే తిరిగి సాధించింది. చివరికి వచ్చిన అనుమతిలో అదనపు సమయం ఉంది, నోటితో చెబితే రాసిపెట్టే సహాయకురాలు ఉంది. ట్యాబ్ లేదు. యంత్రంలో ముందే జవాబులు దాచుకోవచ్చన్నది వాళ్ల అభ్యంతరం. ప్రతిదాన్నీ అనుమానించే మనిషిగా ఆ అభ్యంతరం నాకు అర్థమైంది. అందుకే గట్టిగా పోట్లాడలేకపోయాను. ఖాళీ ట్యాబ్‌ను మీరే ఇవ్వండని విన్నవించుకుంటే, అలాంటి ఏర్పాటు లేదన్నారు.

గళ్లు పోయాయి. మళ్లీ నోరే దిక్కయింది, ఈసారి యంత్రానికి బదులు మనిషి. రాసే అమ్మాయి వేరే బడిలో తొమ్మిదో తరగతి, పరీక్ష రోజు తప్ప కలవడానికి లేదు. ఇంట్లో అలవాటు చేయించడానికి మా చెల్లెలే రాసేదానిలా కూర్చుంది.

"ఏందే, మూడు కింద పెట్టాల్నా, మీద పెట్టాల్నా?"

"అమ్మా, ముందుగాల గీత గియ్యి."

"గీత గీసిన. గిప్పుడు?"

"కింద ఐదు."

"నువ్వు త్రీ అన్నవ్ గదనే."

"త్రీ మీద. ఐదు కింద. నేను మూడు ముందు చెప్తె నువ్వు మీద పెట్టాలె."

"ఇంతకు నాకు పరీక్షనా, నీకు పరీక్షనా?" అని చెల్లెలు పెన్ను మంచం మీద పడేసింది. ఇద్దరూ నవ్వారు. తండ్రి షిఫ్టు ముగించుకొని వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. "రేపు పొద్దున కాలేజీల గిట్ల ఎవలు కూసుంటరు పక్కన?" అన్నాడు.

లెక్కల పరీక్ష రోజున సెలవు పెట్టి వెళ్లాను. మిగతా పిల్లలంతా వెళ్లిపోయిన తరువాత, అదనపు సమయమూ ముగిశాక, మా పిల్ల గేటు దాటి వచ్చింది. బండి మీద చెరుకురసం తాగుతూ తనే చెప్పింది.

"మొదట్ల మంచిగనే పోయింది పెద్దమ్మా. బై అనే చెప్పిన. ఆ పిల్ల గూడ మంచిగ రాసింది. ప్రాబబిలిటీ లెక్క వచ్చినంక దాంట్లనే మునిగిపోయిన. ఆరింట ఒకటి అన్న."

"ఇంటూ వేసిందా?"

"ఏసింది. కాదు, ఆరు కింద పెట్టు, ఒకటి మీద పెట్టు అన్న. మేడం వచ్చి, జవాబు చెప్పాలె గని ఎట్ల రాయాల్నో ఆ పిల్లకు నేర్పొద్దు అన్నది. చెప్పింది చెప్పినట్టు రాసింది గద అన్నది."

"మరి?"

"ఇగ భయమైంది. ప్రతి మాటకు ముందు ఆగి, బై నా, ఇంటూ నా అని చూసుకున్న. లెక్క మర్శిపోయిన." గ్లాసులో ఐసుముక్కను తిప్పింది. "సర్కిల్‌కు టాంజెంట్ గియ్యాలె. గది నోటితోని ఎట్ల చెప్తరు? జర పక్కకు, జర కిందికి అనాల్నా? వదిలేసిన."

నియమం ప్రకారం ఆ ఇన్విజిలేటర్ చేసింది తప్పని నేను ఖచ్చితంగా చెప్పలేను. నియమాలు రాసినవాళ్లు చరిత్ర, సాంఘికశాస్త్రాలను దృష్టిలో పెట్టుకుని రాసి ఉంటారు. వాటిలో నోటి నుంచి వచ్చిన మాటే కాగితం మీది మాట. లెక్కల్లో పైన, కింద, పక్కన అన్నవి కూడా జవాబులో భాగమే. చెప్పేది వేరు, ఎలా రాయాలో చెప్పడం వేరు అన్న విభజన అక్కడ నిలవదు. ఈ సంగతి తరువాత ఒక అర్జీలో వివరంగా రాసి పంపాను. అందినట్టు సమాచారం వచ్చింది.

ఫలితాల్లో ఆ పిల్ల పాసయింది. మిగతా వాటిలో బాగానే వచ్చాయి, లెక్కల్లో గట్టెక్కే మార్కులు మాత్రమే. ఆ ఆదివారం పిల్ల తండ్రి, మా మరిది, నన్ను ఇంటికి పిలిచాడు. అన్నాలు తిన్నాక చెల్లెలు కంచాలు తీసింది, పిల్ల తలుపు దగ్గర పీట మీద కూర్చుంది.

"వదినా, ఎవలు ఏమనుకున్నా నువ్వు అబద్ధం చెప్పవు. గందుకే నిన్నే అడుగుతున్న. దీనికి ఎంపీసీ నడుస్తదా?"

ఆ మార్కులు ఆ పిల్ల లెక్కలను కొలిచినవి కావని, ఆమె నోటికీ మరొకరి చేతికీ మధ్య జరిగినదంతా కలిపి కొలిచినవని చెప్పాను. నేను చేసిన పరీక్షల్లో ఆమెకు లెక్కలు బాగా వచ్చునని తేలిందని, అయితే ఆ పరీక్షలు పెట్టింది ఆమె పెద్దమ్మే కనుక వాటినీ పూర్తిగా నమ్మవద్దని కూడా చెప్పాను. ఇంటర్‌లో రాత ఇంకా ఎక్కువ, వేగం ఇంకా ఎక్కువ. అనుమతులు మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవాలి.

"అంటే నడుస్తదా, నడవదా?"

"తెల్వది" అన్నాను.

"అంటే నడవదనే గద."

"కాదు. తెల్వదంటే తెల్వదనే."

"నువ్వు సదువుకున్నదానివి, నీకు తెల్వదంటే ఇంకో దారి ఉంటది వదినా. మా అసొంటోళ్లకు తెల్వదంటే వద్దనే లెక్క. ఒక యాడాది పోతే తిరిగి తెచ్చేదెవలు?"

నా వృత్తిలో ‘తెలియదు’ అన్నది పని మొదలయ్యే చోటు. ఆ ఇంట్లో అది తలుపు మూసుకునే చోటు. ఒక్కమాట, నడుస్తుంది అని అంటే చాలు, అతను ఒప్పుకునేవాడు. నేను చెబితే నమ్ముతాడు కాబట్టే, రుజువు లేనిది చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసిన చూపు, కొబ్బరికాయ పట్టుకున్న వాళ్లు కూడా నన్ను ఎప్పుడూ చూడని చూపు.

పిల్ల పీట మీది నుంచి లేవకుండానే మాట్లాడింది.

"బాపూ, పెద్దమ్మకు తెల్వది. సారుకు తెల్వది. నీకూ తెల్వది. నాకు గూడ తెల్వది. చేరకపోతే ఎన్నటికీ ఎవలకూ తెల్వది గద."

"నడవకపోతే?"

"నడవకపోతే నేనే వచ్చి చెప్త. నోటితోని చెప్పేదే గద, రాసేదేముంది."

మరిది నవ్వలేదు. "దసరా దాకా చూద్దం. దసరాకు నడుస్తలేదనిపిస్తే గ్రూపు మార్పిస్త. అప్పుడు ఎవలూ నన్ను ఏమనొద్దు" అన్నాడు. దసరాకు గ్రూపు మార్చడం కుదురుతుందో లేదో కాలేజీలో కనుక్కోవాలని నేను అనబోయాను. చెల్లెలు కన్నెర్రజేసింది.

ఆ పిల్ల ఇప్పుడు ఎంపీసీ మొదటి సంవత్సరంలో ఉంది. అనుమతి కాగితాలు ఇంకా బల్లల మీద తిరుగుతున్నాయి. లెక్కల లెక్చరర్ బోర్డు మీద వేగంగా రాసుకుంటూ పోతాడని, మిగతా వాళ్లంతా దించుకుంటుంటే తను చేతులు కట్టుకుని వింటూ కూర్చుంటానని, అది పొగరనుకుని ఆయన ఒకసారి నిలబెట్టాడని చెప్పింది. నిలబెట్టి బోర్డు మీది లెక్క అడిగాడట. చెప్పిందట. "కూసో" అన్నాడట. అంతే.

వారానికి ఒకట్రెండు సాయంత్రాలు నాకు ఫోన్ చేసి లెక్కలు చెబుతుంది, తనకు నచ్చిన మాటల్లో, ఇంటలతోనే. నేను విని రాసుకుంటాను. కొన్నిసార్లు మధ్యలో ఆగిపోతుంది. అవతల బస్సుల చప్పుడు, మా చెల్లెలు ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినపడుతుంటాయి. ఆ ఆగడం ఆలోచించడమా, విసిగిపోవడమా అన్నది ఫోన్‌లో తేల్చుకునే పద్ధతి నాకు ఇంతవరకు దొరకలేదు. దసరాకు ఇంకా సమయం ఉంది. జవాబు అందించకుండా, తొందరపెట్టకుండా, పెన్ను కాగితం మీద పెట్టుకుని ఆమె మళ్లీ మాట్లాడే వరకు కూర్చుంటాను.